నీస్ వెళ్ళి, నీసు దగ్గర తప్పిపోయిన మా ఆయన

మా ఆయనది రొయ్యల వ్యాపారం. భోగాపురం ఒడ్డున పడవలు దించిన సరుకు కొని, ఐసు కొట్టించి విశాఖ పంపుతాడు. అక్కణ్ణుంచి అవి ఓడలెక్కి ఏ దేశాలకో పోతాయి. "మన రొయ్యలు సూసొచ్చిన దేశాలు మనం సూడకపోతే ఎలాగే?" అని పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాడు, నేను నవ్వి ఊరుకుంటూనే ఉన్నాను. ఈ ప్రయాణానికి ముందు ఏడాది ఆయన గుండెలో స్టెంటు వేశారు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. ఆయన నా మేనత్త కొడుకు, పేరు అప్పలరాజు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బావ. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక బావని ఒంటరిగా గుమ్మం దాటనిచ్చింది లేదు. ఒడ్డుకి వెళ్తానంటే చెప్పులేసుకుని వెనకాలే నేను. "నాను దొంగనేటే, యెనకాల పోలీసునాగా!" అని విసుక్కునేవాడు. విసుక్కోనీ, మనిషి కళ్ళ ముందుంటే చాలు అనుకునేదాన్ని. డాక్టరుగారు ఇక భయం లేదు, ఎక్కడికైనా తిరగొచ్చు అన్న రోజున మాత్రం, పోనీ ఈ ముచ్చటొకటి తీర్చేద్దాం అనిపించింది.

నేను విజయనగరంలో బడిపంతులమ్మని కాబట్టి 2017 వేసవి సెలవులే మాకు వీలు. వీసాకి హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చాం. విశాఖ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి గల్ఫ్ మీదుగా ఫ్రాన్స్ దక్షిణపు ఒడ్డున దిగాం. అక్కడ సముద్రం వెంబడే నీస్, కేన్స్, మొనాకో, మాంటన్ అని గొప్పవాళ్ళ ఊళ్ళన్నీ వరసగా ఉంటాయి. వాటన్నిటినీ కలుపుతూ ఒడ్డునే రైలు వెళ్తుంది. అందుకని రోజుకో హోటలు మారకుండా నీస్ స్టేషన్ దగ్గరే వంటపొయ్యి ఉన్న ఒక గది తీసుకుని, పొద్దున్నే ఒక్కో ఊరికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దాం అనుకున్నాం. మీరు వెళ్ళినా ఇదే పద్ధతి మేలు. సముద్రానికి ఎదురుగా ఉన్న గదుల అద్దె వింటే మళ్ళీ స్టెంటు వెయ్యాల్సి వస్తుంది.

ఇక్కడో మాట ముందే చెప్పుకోవాలి. ఆ ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'నైస్'. అక్కడివాళ్ళు పలికేది 'నీస్'. నేను ఫోనులో విని మరీ పలకడం నేర్చుకున్నాను. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది! మరి మా వైపు నీసు అంటే ఏమిటి? చేప, మాంసం. మిగతావాళ్ళు నీచు అంటారు, మేం నీసు అంటాం. మా ఇంట్లో అయితే చేపల బజారుకే ఆ పేరు స్థిరపడిపోయింది. "నీసుకెళ్ళొస్తాను" అంటే బజారుకి వెళ్తున్నట్టు. నేను ఊరి పేరు చెప్పగానే మా అత్త బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మో! మనూర్లో నీసు నేదా, ఇమానమెక్కి ఎల్తన్నారేటే?" బావ అయితే నేను ఎన్నిసార్లు దిద్దినా విన్లేదు. "టికెట్టు మీద నైస్ అని రాసుంటే నైసే. నీసంటే నాకు సేపలే అగుపిస్తాయి" అని తేల్చేశాడు. నేనూ పోనీలే అని వదిలేశాను.

మొదటి రోజంతా నీస్ ఒడ్డునే గడిపాం. ఆ నీలం రంగు ఫొటోల్లో కంటే బాగుంది. కానీ ఇసక లేదు, అంతా గులకరాళ్ళే. బావ ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి చాలాసేపు చూశాడు. "కెరటమే నేదేటే! ఇది సముద్రమా, సెరువా? ఇలాంటి దాంట్లో మనోళ్ళు నిద్దరోతా పడవేస్తారు." చెప్పొద్దూ, ఆ ముఖంలో కాస్త గర్వం కూడా కనబడింది. అక్కడ ఉచితంగా కూర్చోవడానికి వరసగా నీలం కుర్చీలుంటాయి. వాటిల్లో కూర్చుని, హోటలు వెనక శ్రీలంక తమిళుడి కొట్లో కొన్న రొట్టెలు, అరటిపళ్ళు తిన్నాం.

రెండోరోజు కేన్స్. అక్కడివాళ్ళు కాన్ అంటారు, ఆ పేరు జోలికి నేను వెళ్ళలేదు. సినిమా ఉత్సవానికి ఇంకా కొన్నాళ్ళుంది, ఒడ్డున గుడారాలు వేస్తున్నారు. పొద్దున్న ఎనిమిదిన్నరకి రైలెక్కితే ముప్పావుగంటలోపే దిగాం. టికెట్టు మనిషికి ఏడు యూరోల పైచిలుకు, అంటే అయిదొందల దాకా. బావ రాత్రే మ్యాపు చూసి చేపల బజారు ఎక్కడుందో పట్టేశాడు. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. పైకప్పు వేసిన పెద్ద సంత, ఒక పక్కంతా పువ్వులూ పళ్ళూ, ఇంకో పక్క రాతి బల్లల మీద తాజా చేపలు. మధ్యాహ్నం ఒంటిగంటకి సర్దేస్తారు. సోమవారం కూరగాయలూ చేపలూ ఉండవు, చూసుకుని వెళ్ళండి.

అక్కడ రబ్బరు బూట్లేసుకున్న ఒక పెద్దావిడ బల్ల ముందు బావ ఆగిపోయాడు. ఆవిడ "బోంజూర్" అంది, వాళ్ళ నమస్కారం. "ఇదేదో మనోళ్ళ ఊరి పేరులాగుంది" అని నాతో అని, "బొంజూరు, బొంజూరు" అని రెండు చేతులూ జోడించాడు. ఆవిడ పకపకా నవ్వి ఓ ఎర్రటి రొయ్య తీసి ఆయన అరచేతిలో పెట్టింది. తలకాయ నొక్కి చూసి, వాసన చూసి, "పొద్దున్న పట్టిందే. మన రకం కాదు గానీ, మంచి సరుకు" అన్నాడు. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి తెలుగు తప్ప రాదు. అయినా అరగంట కబుర్లు! ఈలోగా నా ఫోను నుంచి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, "నీసు కాడున్నామే అమ్మా, ఎంత బాగుందనుకున్నావు!" అని కేకలు. చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు. నేనే రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

తర్వాత సముద్రపు వీధిలో నడిచాం. ఖరీదైన హోటళ్ళు, వాటి ముందు ఇంకా ఖరీదైన కార్లు, నీళ్ళలో ఇళ్ళంత పడవలు. రెండు కాఫీలకి మన ఊళ్ళో భోజనం ఖర్చయింది. పన్నెండు దాటేసరికి ఎండ చురుక్కుమంది. బావ ముఖం కాస్త వడలినట్టు తోచింది. ఆయన బాగానే ఉందన్నాడు, నేను వినలేదు. "గదికెళ్ళి అన్నం వండుకుని పడుకుందాం, పద" అని స్టేషనుకి తీసుకొచ్చాను. రైలొచ్చింది. నేనెక్కాను. బావ ఒక కాలు మెట్టు మీద పెట్టి, "ఓలప్ప, నా టోపీ!" అని వెనక్కి దిగాడు. బెంచీ మీద మర్చిపోయాడట. కూతలాంటిది మోగింది, తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

అద్దానికి అవతల బావ, ఇవతల నేను. మీట నొక్కాను, గుద్దాను, తలుపు రాలేదు. బండి కదులుతుంటే గొంతు చించుకుని అరిచాను. "బావా! కంగారు పడకు! నీస్ కాడుంటాను! నీస్ కాడ!" ఆయన టోపీ పట్టుకుని, అర్థమైందన్నట్టు నిదానంగా తలూపాడు. పైగా నవ్వి, నువ్వెళ్ళు అన్నట్టు చెయ్యి కూడా ఊపాడు. ఆ నవ్వు చూసి నా ప్రాణం కుదుటపడింది. పరవాలేదు, తర్వాతి బండికి వచ్చేస్తాడు అనుకున్నాను.

నీస్‌లో దిగి ఆ ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాను. అరగంటకి ఒక బండి వచ్చింది. రాలేదు. టికెట్టు నా దగ్గరే ఉంది, కొత్తది కొనడానికి తంటాలు పడుతున్నాడేమో అనుకున్నాను. ఇంకో బండి వచ్చింది. రాలేదు. అప్పుడు మొదలైంది నాకు. ఫోను నాది ఒక్కటే పనిచేస్తుంది, ఆయనది హోటల్లో ఇంటర్నెట్ ఉంటే తప్ప పలకదు. మందుల సంచి నా భుజాన ఉంది. మధ్యాహ్నం మాత్ర వేళ దాటిపోయింది. ఆ ఎండలో ఏ రోడ్డు పక్కనో కూలబడితే, ఆయనకి ఏమైందో ఎవరికి చెప్తాడు, ఏ భాషలో చెప్తాడు? హోటలుకి ఫోన్ చేస్తే రాలేదన్నారు. స్టేషన్లో నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి పాపం మంచిది. నా ఇంగ్లీషు ఓపిగ్గా విని, కేన్స్ స్టేషనుకి ఫోన్ చేసి, అక్కడ మైకులో పిలిపించింది కూడా. ప్లాట్‌ఫారం మీద అలాంటి మనిషే లేడన్నారట. "ఇంకో అరగంట చూసి పోలీసులకి చెబుదాం" అంది. ముచ్చట తీర్చుదామని ఇంత దూరం తెచ్చి మనిషిని పారేసుకున్నానా తల్లీ అని అక్కడే కూలబడి ఏడ్చేశాను.

సరిగ్గా అప్పుడు మా అత్త ఫోను. మన దగ్గర అప్పటికి దీపాలు పెట్టే వేళ. ఎత్తక తప్పదు, ఎత్తితే ఏం చెప్పాలి? గొంతు సవరించుకుని ఎత్తాను.

"ఏటే పైడీ, ఎక్కడున్నారు?"

"నీస్‌లోనే ఉన్నాం అత్తా."

"ఇంకా నీసు కాడేనేటే! మద్దేనం కూడా ఆడు నీసు కాడున్నానన్నాడు. ఆ సేపలు కంపు కొట్టట్లేదా మీకు? ఆణ్ణి బేగి తీసుకుపోయి ఇంత కూడు ఎట్టు!"

అద్దానికి అవతల బావ నిదానంగా తలూపడం, ఆ నవ్వు కళ్ళ ముందు మెదిలాయి. నీసు కాడుంటాను! నేను తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కొస్తాననుకున్నాడు. పొద్దున్న చూసిన బజారు దగ్గరే కలుసుకుందాం అన్నాననుకున్నాడు. "అత్తా, నీ నోట్లో పంచదార పొయ్య!" అని ఫోను పెట్టేసి, కదలబోతున్న బండెక్కేశాను.

కేన్స్‌లో దిగి లగెత్తాను. చీరకట్టుకి ఆ ఊరివాళ్ళు దారిచ్చారు. బజారు మూసేశారు. బల్లలు కడిగేసి ఉన్నాయి, నేలంతా తడి. ఆ ఖాళీ సంతలో, నీడపట్టున, తిరగేసిన ప్లాస్టిక్ పెట్టె మీద మా బావ. పక్కన ఇంకో పెట్టె మీద ఆ పెద్దావిడ. మధ్యలో సగం కోసిన పుచ్చకాయ.

నన్ను చూసి బావ లేచాడు. "ఏటే, ఇంతసేపా? పక్క టేసన్లో దిగి రాడానికి? ఈ బొంజూరమ్మ నీకోసం ఇల్లెళ్ళకుండా కూకుంది!"

నేను చెయ్యి పట్టుకున్నాను, నుదురు పట్టుకు చూశాను, ఆ తర్వాత వీపు మీద ఒక్కటి చరిచాను. "నీస్ అంటే ఊరు బావా! ఊరు! మన గది ఉన్న ఊరు!"

"అది నైస్ కదేటే?"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కళ్ళు తుడుచుకుని సంచిలోంచి మాత్ర తీయబోయాను. బావ చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. "ఏసుకున్నాను. ఈ అమ్మ రొట్టె ఎట్టింది, తిని ఏసుకున్నాను. ఎప్పుడూ జేబులో ఒకటి ఉంటాది. నీకు సెప్తే తిడతావని సెప్పనేదు." గొంతు తగ్గించి, "నాను బాగున్నానే పైడీ. నమ్ము" అన్నాడు. ఆవిడకి ఏమి అర్థమైందో గానీ, పుచ్చకాయ ముక్క నా చేతిలో పెట్టి నా బుగ్గ నిమిరింది. అంత తియ్యటి కాయ నేను తినలేదు.

తర్వాతి రోజుల్లో మొనాకో చూశాం, మాంటన్‌లో నిమ్మతోటలు చూశాం. అవన్నీ అందమైనవే, ఎవరైనా చెప్తారు. నాకు మాత్రం ఆ ప్రయాణమంతా ఆ మధ్యాహ్నమే. భర్తని కనిపెట్టుకుని ఉంటే అతనికేమీ కాదని నేను నమ్మాను. నేను లేని ఆ కాసేపూ ఆయన తిన్నాడు, మందు వేసుకున్నాడు, స్నేహం చేసుకున్నాడు, నాకోసం నిశ్చింతగా ఎదురుచూశాడు. హడలిపోయింది నేనే. మీరు జంటగా వెళ్తుంటే ఒక్క మాట వినండి. కలుసుకోవాల్సిన చోటు మీరు చెప్పి ఊరుకోకండి, అదెక్కడో అవతలి మనిషి చేత చెప్పించుకోండి.

ఆ మధ్యాహ్నం గడిచిన మర్నాడే, తెల్లారుతుండగా బావ చెప్పులేసుకుంటున్న అలికిడికి మెలకువ వచ్చింది. అలవాటుగా నేనూ లేవబోయి ఆగాను.

"ఎక్కడికి?" అన్నాను.

"సముద్రం కాడికి. నానొక్కణ్ణే."

నా చెప్పులు మంచం కిందే ఉన్నాయి. "టోపీ పెట్టుకెళ్ళు" అని, దుప్పటి పైకి లాక్కుని అటు తిరిగి పడుకున్నాను.