చివరి వరసకు సెలవు

1971 జూన్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. మాది తెనాలి. బాపట్లలో టీచర్ ట్రైనింగు పూర్తి చేసిన మరుసటి ఏడాదే, రేపల్లె అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక బెస్తపల్లెలో పంచాయతీ సమితి ఎలిమెంటరీ స్కూలుకు వేశారు. రేపల్లెలో గది తీసుకున్నాను. రోజూ బస్సు దిగి రెండు మైళ్ళు ఇసుకలో నడిచేదాన్ని. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. చదువుకోవడం, డైరీ రాసుకోవడం, అంతే నా లోకం. అలాంటిదాన్ని మూడో తరగతిలో ముప్ఫయి నలుగురు పిల్లల ముందు నిలబెట్టారు.

మా స్కూల్లో పరీక్ష ర్యాంకును బట్టి పిల్లల్ని కూర్చోబెట్టేవారు. మంచి మార్కుల వాళ్ళు ముందు బల్లల మీద, ఆఖరి అయిదుగురు వెనక గోడ దగ్గర నేలమీద. దానికి మొద్దు వరస అని పేరు. పిల్లలే కాదు, మేమూ అలాగే అనేవాళ్ళం.

ఆ వరసలో చివరి పిల్ల నాంచారి. పదేళ్ళది. మూడో తరగతిలోనే మూడో ఏడు. హాజరు పిలిచేటప్పుడు పక్క పిల్ల మోచేత్తో పొడిస్తే “ప్రెజెంట్” అనేది. డిక్టేషన్‌లో, అంటే నేను చదివిన మాటలు పిల్లలు పలక మీద రాసేటప్పుడు, ఆ పలక ఖాళీగా ఉండేది. పైగా నా మొహంలోకి రెప్ప వేయకుండా చూసేది. ఎవరైనా అలా చూస్తే నాకు ఊపిరాడదు. అది పొగరనుకున్నాను. జులైలో ఒకరోజు, “ఏంటా చూపు?” అని స్కేలుతో అరచేతి మీద కొట్టాను. అప్పుడు కూడా అది నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

డిక్టేషన్ మార్కులు రోజూ డైరీలో రాసుకునేదాన్ని. నాంచారి పేరు పక్కన వరసగా సున్నాలు. సెప్టెంబరులో ఒకరోజు మాత్రం పదికి ఏడు. కాపీ కొట్టిందనుకున్నాను. కానీ ఎవరి పలక చూసి కొడుతుంది? పక్కనున్న పిల్లకు వచ్చింది రెండు. ఆ రోజు డైరీ పేజీ మళ్ళీ చదివాను. ‘వానకు వాచకం తడిసిపోయింది. పాఠం నోటికి చెప్పాను’ అని ఉంది.

మిగతా రోజుల్లో నేను పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని చదివేదాన్ని. ట్రైనింగులో నేర్పినందుకు కాదు, సిగ్గుతో. ఆ ఒక్కరోజే నాంచారికి నా పెదాలు కనిపించాయి.

మర్నాడు దాని వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. గంట తెచ్చి కొట్టాను. క్లాసంతా తిరిగింది, నాంచారి తప్ప.

వాళ్ళమ్మ వెంకాయమ్మ చేపల గంపతో స్కూలు ముందు నుంచి వెళ్తుంటే ఆపి అడిగాను.

“చిన్నప్పుడు చెవుల్లోంచి చీము కారేదమ్మా. నూనె పోశాం. తగ్గింది” అంది.

“వినపడటం లేదని మీకెవరికీ అనుమానం రాలేదా?”

“మా ఇళ్ళల్లో ఎవరు మెల్లిగా మాట్లాడతారమ్మా? అలల హోరులో అరవందే పక్కవాడికే ఇనపడదు. పిల్లకి మొద్దుతనమని మీ బడోళ్ళే కదా చెప్పారు!”

మూడేళ్ళలో ముగ్గురు టీచర్లం. ఒక్కరం కూడా ఆ పిల్ల వెనక నిలబడి పిలిచి చూడలేదు. మొద్దు అని రాయడానికి మాత్రం అందరికీ చేతులు వచ్చాయి.

నాంచారిని ముందు బల్లకు మార్చాను. పుస్తకం కిందికి దించి చదవడం మొదలుపెట్టాను. నవంబరు చివరికి దాని పలక మీద ఆరుకు తక్కువ రావడం లేదు.

డిసెంబరులో ఇన్‌స్పెక్షన్ ఉందని కబురు వచ్చింది. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు స్కూలు తనిఖీకి వస్తారట. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు.

“చూడమ్మాయ్, కొత్తదానివి, నీకు తెలీదు. ఆయన వచ్చిన రోజు క్లాసు కళకళలాడాలి. చివరి వరసకి సెలవు. ఎప్పుడూ ఉండేదే.”

“నాంచారి ఇప్పుడు రాస్తోందండి. దానికి చెవుడండి, మొద్దు కాదు.”

“చేపలు ఎండబెట్టుకోడానికి చెవులెందుకమ్మా?” అని నవ్వారు. నేను తల దించుకుని వచ్చేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాత జ్వరంతో మూడు రోజులు తెనాలిలో ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి ముందు బల్ల మీద నాంచారి చోటు ఖాళీ. హాజరు రిజిస్టరులో దాని పేరు మీద ఎర్రసిరా గీత. పక్కన ‘తల్లి కోరికపై తొలగించడమైనది’. ఒక కాగితం మీద వేలిముద్ర.

ఇసుకలో చేపలు తిరగేస్తున్న వెంకాయమ్మ దగ్గరికి పరుగెత్తాను. నాంచారి పక్కనే కాకుల్ని తోలుతోంది.

“పిల్ల పేరు తీసెయ్యమని నువ్వడిగావా?”

“అయ్యో, నేనెందుకడుగుతానమ్మా! పెద్దాఫీసరు వస్తన్నాడు, పిల్లకి నాలుగు రోజులు సెలవిస్తన్నాం, ఇక్కడ వేలెయ్యి అన్నారు పెద్దయ్యగారు. ఏశాను.”

నాంచారిని దాచడానికి నేను ఒప్పుకోనని, చదువు రాని తల్లి వేలితోనే ఆమె కూతురి చదువు కొట్టేయించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“రేపే ఇన్‌స్పెక్షన్. పొద్దున్నే పంపించు. ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను” అన్నాను. అలాంటి మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

మర్నాడు నాంచారి తలకు నూనె రాసుకుని వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారి వెనక వచ్చిన హెడ్మాస్టరు గారి మొహం మాడిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు వాచకం తీసుకుని, బల్లల మధ్య తిరుగుతూ డిక్టేషన్ మొదలుపెట్టారు. ఆయన వీపు మా వైపుంది. నాంచారి బలపం గాలిలో ఆగిపోయింది. అది నా వైపు చూసింది.

“సార్” అన్నాను. ఆయన తిరగలేదు. మళ్ళీ అన్నాను. “సార్, ఆ పిల్ల వైపు మొహం పెట్టి చదవండి.”

“నాకు చదవడం నేర్పుతున్నావా అమ్మా?”

“లేదండి. దానికి వినపడదండి. పెదాలు చూసి రాస్తుందండి.”

ఆయన వచ్చి నాంచారి ఎదురుగా నిలబడి పది మాటలూ మళ్ళీ చదివారు. ఎనిమిది ఒప్పులు. పిల్ల పేరు చూద్దామని రిజిస్టరు తెరిస్తే ఎర్రగీత కనిపించింది.

“ఏంటండీ ఇది?”

“పొరపాటు జరిగిందండి” అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ గీత పక్కనే పేరు మళ్ళీ రాయించారు. అంతే. పోయిన మూడేళ్ళ గురించి గానీ, ఆ వేలిముద్ర గురించి గానీ ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో నాంచారి గురించి ఒక్క ముక్క లేదు. ‘మూడో తరగతి టీచరు ర్యాంకు ప్రకారం కూర్చోబెట్టడం లేదు’ అని మాత్రం ఉంది. నాకు మెమో వచ్చింది. దాన్ని డైరీలోనే పెట్టుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ జరిగిన సాయంత్రమే పలకలు సర్దుతూ వెనక గోడ వైపు చూశాను. నాలుగు చోట్లు ఖాళీగా ఉన్నాయి. సెలవు మీద పంపిన మిగతా నలుగురు. ఒకరికి చూపు ఆనదో, ఒకరికి మాట తడబడుతుందో, ఒకరికి అసలు ఏ లోపమూ లేదో నాకు తెలియదు. ఇన్‌స్పెక్టరు గారు వాళ్ళ గురించి అడగలేదు. గుండె నిబ్బరం చేసుకుని నోరు విప్పినదాన్ని నేనూ అడగలేదు. నాంచారి గెలిచిందన్న సంతోషంలో వాళ్ళు గుర్తుకే రాలేదు.

పిల్లకు చదువు రాకపోతే ముందు పిల్లను కాదు, చెప్పేవాళ్ళం ఎక్కడ నిలబడ్డామో చూసుకోవాలని నాంచారి దగ్గర నేర్చుకున్నాను. మర్నాడు బస్సు దిగి స్కూలుకు వెళ్ళలేదు. మొదట ఆ నలుగురి ఇళ్ళకు వెళ్ళాను.