పన్నెండో గీత నాది

ఈ రోజు శుక్రవారం. మా పక్కింటి ప్రొఫెసరమ్మ పోయి పదకొండు రోజులైంది. నిన్న అల్లూరులో జరిగిన సంతాప సభలో ఒక పెద్దమనిషి, "తన సమీకరణానికి లొంగని ఒకామె ఫలితాలను ఆవిడ తీసిపారేశారు" అన్నాడు. ఆ ఒకామె నేనే. అందుకే రాస్తున్నాను.

ఆమె సైకాలజీ చెప్పి రిటైరై, రొయ్యల గుంటల పక్కనున్న ఇంట్లో చేరింది. మనిషి విన్నది ఎన్నాళ్ళకు ఎంత మరిచిపోతాడు, ఆ మరపును గణితంలో రాయవచ్చా అన్నదే ఆమె పని. అందుకు ఊళ్ళో పన్నెండు మంది ఆడవాళ్ళం కుదిరాం. ఒకసారి ఇరవై మాటలు చదివి వినిపించింది: తెడ్డు, జల్లెడ, పిచ్చుక, గొళ్ళెం... ఆపైన ప్రతి శుక్రవారం ఇంటింటికీ వచ్చి ఎన్ని గుర్తున్నాయో అడిగేది. బురద చెప్పులతో గడప దాటితే నేను కేకలేసేదాన్ని. నవ్వుతూ వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చేది.

ఎవరికెన్ని గుర్తున్నాయో ఆమె గ్రాఫులో గీసేది; అందరి గీతలూ వారం వారం కిందికి దిగాయి. నాది స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది.

"ఏందక్కా, ఒక్కటి కూడా మరిచిపోలేదే?"

"నేనేమన్నా మొద్దునా?"

"రాసిపెట్టుకున్నారా?"

బియ్యం డబ్బా మూత కింద కాగితం ఉంది. పిల్లలందరి చేత తప్పు లేకుండా ఎక్కాలు అప్పజెప్పించుకున్నదాన్ని, నేను తప్పు చెప్పడమా?

చివరికి కాగితం తీసి చూపించాను. ఆమె కోప్పడలేదు. "మీ తెలివి నాకెందుకక్కా? నాకు మీ మరపు కావాల" అంది.

"ఊళ్ళో ఎవురికీ చెప్పబాక."

"చెప్పన్లే. ఈ గీత కాగితానిది, మీది కాదు. తీసేయాల. కారణం రాయకుంటే నన్నంటారు. అననీ."

అన్నారు. పోయేదాకా ఆమె నా మాట బయటపెట్టలేదు.

కాగితం చించేసి, కొత్త జాబితాతో మళ్ళీ కూర్చున్నాను. రెండో వారం ఇరవైలో తొమ్మిదే చెప్పగలిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తప్పులకు మెప్పు పొందడం నా జీవితంలో అదే మొదలు.

ఇక జరగవలసినవి:

1. ఆ పెద్దమనిషి తన మాటను అదే మైకులో వెనక్కి తీసుకోవాలి.

2. ఆమె విద్యార్థులు వేస్తున్న సంస్మరణ పుస్తకంలో "పన్నెండో ఆమె కాపీ కొట్టింది" అని నా పేరుతో సహా అచ్చు వేయాలి. నా మనవళ్ళు చదివినా సరే.

3. కొత్త జాబితా పరీక్ష ఆగకూడదు. వచ్చే శుక్రవారం నుంచి విద్యార్థుల్లో ఎవరో ఒకరు వచ్చి అడగాలి.

4. అంతవరకు ఆ జాబితాను ఎవరూ తెరవకూడదు. అది ఆమె బల్ల మీదే ఉంది, ఇంటి తాళంచెవి నా దగ్గర ఉంది. ఈ రోజు అరుగు మీద కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడు మాటలు వచ్చాయి. ఎనిమిదోది అందడం లేదు. వెళ్ళి చూడను.