లచ్చవ్వ బావి, తాటిచెట్టు ప్రశ్న

1986 వేసవి మొదట్లో కామారెడ్డిలో ఒక పంపుసెట్ల దుకాణంలో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి అప్పటికి ఏడాది. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి లచ్చవ్వ అనే రైతు కబురు పంపింది: మోటరు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు.

వెళ్లి వరసగా చూశాను. బావి ఒడ్డున బిగించిన మోటరు బాగుంది. సక్షన్ పైపు, అంటే బావిలోంచి మోటరు దాకా నీళ్లొచ్చే గొట్టం, ఎక్కడా పగల్లేదు. దాని అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కూడా సరిగ్గానే ఉంది. తాడు వదిలి కొలిస్తే నీరు ముప్పై ఎనిమిది అడుగులకు దిగింది. రెండెకరాల వరి పాలు పోసుకుంటోంది. నాలుగు రోజుల్లో తడి అందకపోతే అంతా తాలే.

"పది హార్సుల మోటరు పెడితే గుంజుకొస్తది వదినా," అన్నాడు ఆమె మరిది గంగారాం.

"ఎంత పెద్ద మోటరైనా గుంజదు," అన్నాను. చాయ్ గ్లాసును బకెట్లో ముంచి, బోర్లించి, అంచు నీళ్లలోనే ఉండేలా పైకెత్తాను. గ్లాసులో నీళ్లు నిలిచాయి. "చూడు అవ్వా, బకెట్ల నీళ్ల మీద గాలి బరువున్నది. అదే లోపలికి నెడుతది. మోటరు గొట్టంల గాలి తీసేస్తది, నీళ్లను ఎక్కించేది బయటి గాలే. దాని బలం ముప్పైమూడు అడుగులు. పంపుతోని ఇరవై అయిదే అనుకో. నీళ్లు మోటరు దాక వస్తే చాలు, ఆడికెల్లి పైకి తోసుడు మోటరు పని. దాన్ని కిందికి దించాలె."

లచ్చవ్వ గ్లాసు తీసుకుని రెండుసార్లు తనే చేసి చూసింది. తర్వాత గట్టువైపు చెయ్యి చూపింది.

"గా తాటిచెట్టు యాభై అడుగులుంటది. నెత్తిన ముంజలున్నయి. దానికి నీళ్లు ఎవలు ఎక్కిస్తున్రు బిడ్డా?"

"సదువుకున్నోనికి తాటిచెట్టు అడ్డమొచ్చింది," గంగారాం నవ్వాడు.

ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే సన్నని నాళాల్లో నీటిధార తెగకుండా పైకి లాగబడుతుందని తర్వాత మా లెక్చరర్ చెప్పారు. ఆ రోజు నాకది తెలియదు.

"తెల్వదవ్వా. బాయి సంగతి తెలుసు గని చెట్టు సంగతి తెల్వదు."

ఆమె మరిదివైపు తిరిగింది. "తెల్వని కాడ తెల్వదన్నడు. తెలిసిందన్న కాడ నమ్ముదాం. మోకులు తేపో."

పక్క పొలం మనిషిని కూడా పిలిచి, నలుగురం కలిసి మోటరును బావిలో ఇరవై అడుగుల లోతున ఉన్న రాతి గద్దె మీదికి దించాం. కింద మిగిలిన గొట్టాన్ని మోటరు నుంచి పైన కాలువ దాకా బిగించాం. గాలి మిగలకుండా సక్షన్ పైపు నిండా నీళ్లు పోసి స్విచ్ వేయగానే కాలువలో నీరు పారింది. లచ్చవ్వ పార పట్టుకుని అన్నిటికంటే ఎండిన మడికి ముందు గండి కొట్టింది.

అప్పటిదాకా సందేహమొస్తే ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ని. ఆ రోజు అలా చేసుంటే ఆమె బావి గురించి నేను చెప్పిందీ నమ్మక పది హార్సుల మోటరు కొనేది, పొలం ఎండేది.