స్వెతి నౌమ్ మఠంలో కింది పళ్లెంలో పెట్టిన కొవ్వొత్తి

ఈ ప్రయాణం నిజానికి మా చెల్లెలు జయమ్మది. కొల్లాపూర్‌లో మామిడితోట చూసుకునే మనిషి. ఉత్తర మాసిడోనియా అనే దేశంలో ఒక సాధువు సమాధి ఉందని, దానికి చెవి ఆనిస్తే ఆయన గుండె చప్పుడు వినబడుతుందని ఫోన్‌లో ఏదో వీడియో చూసి పట్టుకుంది. తన గుండెలో ఒక కవాటం పాడైనప్పటి నుంచి గుండె మాట ఎక్కడ వినబడినా వదలదు. ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాక ఆమె ఆపరేషన్ సరిగ్గా ఆ వారానికే పడింది. నేనూ మానుకుంటానంటే ఒప్పుకోలేదు. "దవాఖానల కూసుని నువ్వేం చేస్తవక్కా? పోయి ఇని, నాకు చెప్పు" అంది. వనపర్తి నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి ఇస్తాంబుల్ మీదుగా రాజధాని స్కోప్యేకి విమానం, అక్కడి నుంచి ఓహ్రిడ్ ఊరికి మూడు గంటలకు పైగా బస్సు. సముద్రం లేని దేశమని చదివి వెళ్లినదాన్ని, బస్సు దిగి ఆ సరస్సును చూసి నోరు తెరిచి నిలబడ్డాను. మన కృష్ణ నిండుగా పారేటప్పుడు కూడా అంత నీలంగా చూడలేదు. ఆ సాధువు నౌమ్ పేరు మీదే ఉన్న మఠం ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో సరస్సు ఒడ్డునే ఉంది. బస్సు చవక, కానీ తిరుగు బస్సు కోసం చాలాసేపు కాచుకోవాలి. పొద్దున్నే టాక్సీ మాట్లాడుకున్నాను, రానూపోనూ నలభై యూరోల లోపే అయింది. డ్రైవర్ బ్లాగోయ్ అరవై దాటినవాడు, వచ్చీరాని ఇంగ్లిష్. నాదీ అంతే కాబట్టి మాటలు బాగానే సాగాయి. చెల్లెలికి ఇప్పుడే ఆపరేషన్ జరుగుతోందని చెబితే, కొండ మలుపులో స్టీరింగ్ వదిలేసి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆపరేషన్ కంటే ముందు నా సంగతి తేలిపోతుందేమోనని భయపడ్డాను.

మఠం ఆవరణలో నెమళ్లు కోళ్లలాగా తిరుగుతున్నాయి. లోపల గోడ మీద ఒక బొమ్మ చూసి ఆగిపోయాను. కాడికి ఒకవైపు ఎద్దు, రెండోవైపు ఎలుగుబంటి. బండి ఎద్దుల్లో ఒకదాన్ని ఎలుగు తినేస్తే, సాధువు దాన్నే కాడికి కట్టాడని బ్లాగోయ్ చెప్పాడు. అమ్రాబాద్ అడవి పక్క రైతులకు ఈ ఉపాయం చెప్పి చూడాలి. సమాధి చిన్న గదిలో ఉంది. మోకాళ్ల మీద కూర్చుని రాయికి చెవి ఆనించాను. దబ్ దబ్ మని వినబడింది. ఆయన గుండో, నా గుండో చెప్పలేను.

బయటి గదిలో ఇసుక పోసిన ఇనుప పళ్లేలు పైన ఒకటి, కింద ఒకటి ఉన్నాయి. రెండు సన్నటి కొవ్వొత్తులు కొన్నాను. నిరుడు పోయిన మా నాయన కోసం ఒకటి పైపళ్లెంలో వెలిగించాను. మన ఇళ్లలో పోయినవాళ్ల పటాలు పైనే కదా ఉండేది. జయమ్మది దేవుడి కాళ్ల దగ్గర ఉన్నట్టుంటుందని కింది పళ్లెంలో గుచ్చి దండం పెట్టుకున్నాను.

బ్లాగోయ్ వచ్చి కింది పళ్లెం వైపు చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. అది మా చెల్లెలిది."

"పైది బతికున్నవాళ్లకు," అన్నాడు మెల్లగా. "కింది పళ్లెం చనిపోయినవాళ్లకు."

నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. అక్కడ డాక్టర్లు దాని ఛాతీ కోసి పెట్టిన సమయంలో, ఇక్కడ సొంత అక్క దాన్ని చచ్చినవాళ్లలో కలిపేసింది. ఇలాంటివి నమ్మనని జీవితమంతా చెప్పుకున్న మనిషిని, ఆ కొవ్వొత్తిని పీకి, మైనం వేళ్ల మీద కారుతున్నా పట్టించుకోకుండా పైన గుచ్చాను. తర్వాత నాయన కొవ్వొత్తిని కిందికి దించబోయాను. నాకు చెయ్యి రాలేదు. బ్లాగోయ్ అంతా చూశాడు, తన చేతిలోని కొవ్వొత్తిని కింద వెలిగించుకుని బయటికి వెళ్లాడు.

నెమళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఫోన్ కోసం కాచుకున్నాను. చివరికి చెల్లెలి భర్త శ్రీశైలం చేశాడు. "వదినె, అయిపోయింది. మంచిగనే ఉందని డాక్టర్ చెప్పిండు. రేపు మాట్లాడ్తదంట, జర పరేషాన్ గాకు." నేను అక్కడే ఏడ్చేశాను.

మర్నాడు జయమ్మ గొంతు సన్నగా వినబడింది. "ఇన్నవా అక్కా?"

"ఇన్న. కొట్టుకుంటుంది."

కొవ్వొత్తుల సంగతి కూడా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"నన్ను పైకి తీసినవ్ సరే. మరి నాయననో?"

"దించలే."

"మంచిగ చేసినవ్. నేనున్నా దించకపోతుంటి."

చర్చిలు, కోటలు, రాతి వీధులు చాలా చూశాను, ఫోటోలూ ఉన్నాయి. కానీ ఈ ప్రయాణం తలుచుకుంటే ఆ రెండు ఇనుప పళ్లేలే గుర్తొస్తాయి. వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆ దేశపు మఠాల్లో కొవ్వొత్తి కొంటే, వెలిగించే ముందు ఏ పళ్లెం ఎవరికో అడగండి. పైన బతికున్నవాళ్లకు, కింద పోయినవాళ్లకు. నావి మాత్రం రెండూ పైనే ఉండిపోయాయి.