బీరువాలో మిగిలిన చీర

మొన్న బీరువా తెరిస్తే కొత్త నేత చీర గంజి వాసన వచ్చింది. మా అన్న నేసిన చీరే అయినా, ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది సరళ మేడమే.

అమీర్‌పేటలో గల్లీకో కంప్యూటర్ కోచింగ్ బోర్డు వేలాడుతున్న రోజులవి. విజయవాడ నుంచి వచ్చిన మేడం పాతికమందితో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవారు. నేను అక్కడ వంట చేసేదాన్ని. ఒక విదేశీ కంపెనీ పెద్ద పని ఇస్తానంటే పంజగుట్టలో ఒక అంతస్తు అద్దెకు తీసుకున్నారు. దానికి కరెంటు కనెక్షన్ మాత్రం రాలేదు. ఫైలు ఒక ఆఫీసరు బల్ల మీద ఆగిపోయింది. చెయ్యి తడపనిదే కదలదని బ్రోకరు యాదగిరి రోజూ వచ్చి చెప్పేవాడు. తన చేత్తోనే ఇస్తాడట, మేడం పేరు ఎక్కడా రాదట. ఎవరి చేత్తో ఇచ్చినా మేమిచ్చినట్టేనని, విదేశీ వాళ్ల ఒప్పంద కాగితంలోనూ అదే రాసుందని మేడం అతన్ని పంపేశారు.

ఆ ఆఫీసరు ఇల్లు బల్కంపేటలో, మా గల్లీలోనే. బోనాల నాడు ఆయన భార్య ఎదురైతే ఇంటికి పిలిచి, ఆడబిడ్డకు పెట్టినట్టు బొట్టు పెట్టి, మా అన్న నేసిన చీర చేతిలో పెట్టాను. మా మేడం ఫైలు సంగతి సార్‌కు జర గుర్తుచేయమన్నాను. నాలుగో రోజు కరెంటు వచ్చింది. మేడం సంతోషం చూసి ఆగలేక నేనే చెప్పేశాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టారు.

“ఆ ఫైలు ఆయన దగ్గర లేకపోతే, ఆవిడకి చీర పెట్టేదానివా లక్ష్మీ?”

ఈ సంగతి విదేశీ వాళ్లకు రాయాలంటూ మేడం కాగితం తీశారు. “మీకేం తెల్వదని రాయుండ్రి మేడం. తప్పు నాది, నన్ను పనిలకెల్లి తీసెయ్యుండ్రి” అన్నాను.

“వంటమనిషి చేసింది, మాకేం తెలీదు అని రాయమంటావేంటి? నువ్వు మా మనిషివి. మా పని కోసం పెట్టావు. అది కంపెనీ పెట్టినట్టే.”

విదేశీ కంపెనీకీ, కరెంటు ఆఫీసు పై అధికారికీ ఉన్నదున్నట్టు రాశారు. “చీరకు సుత చట్టం చూసే కంపెనీ గిదొక్కటే. ఎట్ల బతుకుతరు మేడం?” అని యాదగిరి నవ్వాడు. ఆ పని వేరే వాళ్లకు పోయింది. పంజగుట్ట అంతస్తు ఖాళీ చేశాం. ఉద్యోగంలోకి రమ్మన్న పదిమందికి ఇక రావద్దని మేడమే ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పారు. వంటింట్లోంచి అన్నీ విన్నాను. నన్ను మాత్రం తీసేయలేదు. తర్వాత కొత్తగా చేరిన ప్రతివారికీ ఈ సంగతి నాచేతే చెప్పించేవారు.

ఇప్పుడు ఎస్.ఆర్. నగర్‌లో నాకో కర్రీ పాయింట్ ఉంది. దాని లైసెన్సు రెన్యువల్ ఫైలు చూసే ఆఫీసరు తన కూతురి పెళ్లికార్డు ఇచ్చి వెళ్లాడు. మొన్న బీరువా తెరిచింది అందుకే. చీర ఒళ్లో పెట్టుకుని, మేడం అడిగిన మాటే నన్ను నేను అడిగాను. మడత విప్పకుండా లోపల పెట్టేశాను. పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను.

లైసెన్సు ఇంకా రాలేదు.