మేస్త్రి మార్చిన పట్టీ

మేస్త్రి పోయాడన్న కబురు పోయిన వారం ఎర్రగుంట్ల రైలు గేటు దగ్గర విన్నాను. చెప్పింది ఒక లారీ డ్రైవరు. నేను నమ్మలేదు. "యాడ విన్నావు? నీకెవరు చెప్పినారు?" అని రెండుసార్లు అడిగాను. మనిషి చావును కూడా సాక్ష్యం లేకుండా ఒప్పుకోని పాడుబుద్ధి నాది. గేటు తెరవగానే నేరుగా ఆయన కొలిమి దగ్గరికే పోయాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, కొలిమిలో నిప్పు లేదు. లోపల ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు. అప్పుడు నమ్మాను.

ఈ చుట్టుపక్కల లారీలు నడిపేవాళ్లకు ఆయన ఎవరో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. లారీ కింద, చక్రాలకూ పైనున్న బరువుకూ నడుమ, విల్లులా వంచిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. దాన్ని కమాను కట్ట అంటారు. పట్టీ విరిగితే మార్చడం, కుంగితే కొలిమిలో కాల్చి మళ్లీ వంపు పెట్టడం ఆయన పని. పొడుగ్గా, ఎండిపోయిన మనిషి. ఆరు రోజులూ మసిగుడ్డల్లో ఉండేవాడు, ఏడో రోజు తెల్ల పంచె కట్టి భార్యతో చర్చికి పోయేవాడు. ఆదివారం కలెక్టరు జీపు వచ్చి నిలబడినా కొలిమి వెలిగించడని పేరు.

ఏ పట్టీ తెచ్చినా ముందు దాన్ని తాడుకు వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. "మోగాల. మోగలేదంటే లోపల యాడో చీలిక ఉండాది" అనేవాడు. మదరాసు నుంచి వచ్చిందన్నా, దొరల సీమ నుంచి వచ్చిందన్నా లెక్కచేసేవాడు కాదు. అనుమానంలో మేమిద్దరం ఒకరికొకరం తీసిపోము. కాకపోతే ఆయన అనుమానం ఇనుము మీద, నాది మనుషుల మీద.

యుద్ధం ముగిశాక పట్టాళంవాళ్లు వేలం వేసిన చిన్న లారీ ఒకటి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. దాంట్లో నాపరాళ్లు తోలేవాణ్ని. గని దారిలో బండి అడుగు రాళ్లకు గీసుకునేది, వాననీళ్లు పారే వంక దాటితే ఇంజను కింది నూనెతొట్టి పగిలేది. బండి ఎత్తు పెంచితే తప్ప లాభం లేదు. పైగా నాతో పోటీగా రాళ్లు తోలే ఆసామి బండి నా బండికంటే జానెడు ఎత్తున నిలబడేది. అది నాకు రాళ్లకంటే ఎక్కువ గుచ్చుకునేది.

మదరాసులో ఒక షాపువాడు బండిని నాలుగు వేళ్లు లేపే కొత్త కమాను కట్టలు అమ్ముతున్నాడని విని, మేస్త్రిని అడిగాను.

"నాలుగు వేళ్లు లేపితే చూసేదానికి బాగుంటాదప్పా. మలుపులో ఒరుగుతాది. రెండు వేళ్లు సాలు. నా దగ్గర పాత పట్టీలు ఉండాయి, వంపు పెట్టి ఏస్తా."

"పాతవా?"

"పదేండ్లు బరువు మోసినా ఇరగలా. ఇంకేం కావాల నీకు?"

నాకు వెంటనే మూలనున్న పాత ఇనుప కుప్ప కనబడింది. ఓహో, దీన్ని నాకు అంటగడతాడన్నమాట అనుకున్నాను. ఆ పోటీ ఆసామి రోజూ ఆ కొలిమి ముందే టీ తాగుతాడని కూడా గుర్తొచ్చింది. నా బండి పొట్టిగానే ఉండాలని ఇద్దరూ కూడబలుక్కున్నారేమో! మరుసటి వారమే మదరాసు కట్టలు తెప్పించాను. నూనె కాగితంలో చుట్టి, పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి.

మేస్త్రి వాటిని ఒక్కొక్కటే తట్టి విన్నాడు. పై పట్టీ దగ్గర ఆగిపోయాడు. ఆ పట్టీ కొసలు ఉంగరంలా చుట్టి ఉంటాయి. దాన్ని చెవి అంటారు, బండి దాన్ని పట్టుకునే వేలాడుతుంది.

"చెవికాడ దీని మోత నాకు నచ్చలా" అన్నాడు. "కింద పట్టీ చూడు, పొట్టిది. చెవి ఇరిగితే పట్టుకునేదానికి ఏమీ లేదు. ఇరుసు పక్కకు జరిగి బండి యాడికి పోతాదో దేవునికే తెలియాల. ఇది చేసినోడు ఎత్తు చూసినాడు గానీ, బండెక్కే మనుషుల్ని చూడలా."

"కొత్తది ఎందుకిరుగుతుంది మేస్త్రీ? నువ్వు బిగించు" అన్నాను.

శనివారం బండి అప్పగించాను. ఆదివారం మధ్యాహ్నం అటువైపు పోతుంటే మూసిన తలుపుల వెనక సుత్తి చప్పుడు! తలుపు బాదాను. సందు చేసి మేస్త్రి తల బయటపెట్టాడు. తెల్ల పంచె మోకాళ్లపైకి ఎగగట్టి, నిండా మసి.

"ఆదివారం పని చేయవు గదా?" అన్నాను.

"రేపు రాప్పా" అని గడియ పెట్టేశాడు.

ఇక నాకు నిద్రా, తిండీ లేవు. తెల్లారగానే పోయి బండి కిందికి దూరాను. అనుకున్నంతా అయింది. రెండు పక్కలా పై పట్టీ కొత్తదే, దాని కింద మాత్రం నల్లటి పాత పట్టీ. కొసలు పై పట్టీ చెవి చుట్టూ వంచి ఉన్నాయి. నేను బయటికొచ్చి, టీ అంగడి ముందున్న జనమంతా వినేలా అరిచాను. "కొత్త పట్టీలు దాచుకొని తుక్కు బిగిస్తావా?"

ఆయన లోపలికి పోయి నా కొత్త పట్టీలు రెండూ తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. "నీ వస్తువు నువ్వు తీసుకపో. కిందది మాత్రం నా చేత్తో తీయను. తీయాలంటే నువ్వే తీసుకో."

తీయడం నాకు చేతకాదు. రాళ్లు ఎత్తడానికి గనిలో కూలీలు కాచుకొని ఉన్నారు. అదే బండిలో పోయాను, పోతూ పోతూ ప్రతి గేటు దగ్గరా, ప్రతి టీ అంగట్లోనూ మేస్త్రి పట్టీలు మారుస్తాడని చెప్పాను. చల్లగా, పనిగట్టుకొని చెప్పాను. రెండు నెలల్లో ఆయన కొలిమి ముందు నిలబడే లారీలు సగమయ్యాయి.

ఆ ఎండాకాలం ఒంటిమిట్ట రాముడి తిరునాళ్లకు ఇంటిల్లిపాదినీ బండిలో తీసుకుపోయాను. వెనక మా అమ్మ, నా భార్య, తమ్ముడి పిల్లలు. తిరుగు దారిలో వంకలోకి దిగుతుంటే కింద ఫెళ్లుమంది. బండి ఒక పక్కకు కుంగి, వణికి, దారి తప్పకుండానే నిలిచిపోయింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు కిందికి దూరి చూశాడు.

"పై పట్టీ చెవి తెగిపోయిందప్పా. కింద పట్టీ దాన్ని గట్టిగా పట్టుకోనుండాది. ఈ పాత పట్టీ ఎవరు వంచినారో గానీ, అది లేకుంటే మీరంతా బండితో సహా వంకలో ఉండేవాళ్లు."

"రాముడే కాపాడినాడు" అని అమ్మ చేతులు జోడించింది. నేను అవునన్నాను. ఇంకో పేరు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

విరిగిన ముక్క తీసుకుపోయి మేస్త్రికి చూపించాను. ఆయన ముందడిగిన మాట, "బండిలో ఎవురుండిరి?" చెప్పాను. ఆయన అక్కడే పీట మీద కూలబడ్డాడు.

"పిల్లోళ్లకు దెబ్బలేమన్నా తగిలినాయా?"

"లేదు."

"సరే, బండి నీడకు పెట్టు."

"ఆ ఆదివారం నువ్వు…" అని ఆగిపోయాను.

"దేవునితో చెప్పుకున్నాలే" అన్నాడు, జాకీ వెతుక్కుంటూ.

నేను క్షమించమని అడగలేదు. ఆ తర్వాత నా బండి పనులన్నీ ఆయనకే ఇచ్చాను. దాంతో సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. అంగళ్లలో అన్న మాట అంగళ్లలోనే వెనక్కి తీసుకోవాలి గదా, అది మాత్రం చేయలేదు. సిగ్గుపడ్డాను, నలుగురిలో చులకనైపోతానని. ఆయన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు.

ఆ కబురు విన్న మర్నాడు సమాధుల తోటలో పెట్టెను గుంటలోకి దించారు. పాస్టరు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరం మట్టి వేయడానికి వరుసలో నిలబడ్డాం. నా పక్కన రాజంపేట డ్రైవరు ఒకడు. నన్నెరగడు. మెల్లగా అన్నాడు: "మంచి పనోడంట. గానీ పట్టీలు మారుస్తాడని మా ఓనరు ఈడికి రానీలా. ఒక్కసారన్నా చూపించుకోవాలనుకుంటి."

నేను రాజంపేటలో ఎన్నడూ ఆ మాట అనలేదు. ఆ మాటే నడుచుకుంటూ అక్కడిదాకా పోయింది.

"ఆ మాట పుట్టించింది నేను" అన్నాను. అది అతనొక్కడికే వినబడింది. మళ్లీ గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాను. "అబద్ధం. ఆయన మార్చిన పట్టీ వల్లే నా ఇంటివాళ్లంతా బతికి ఉన్నారు."

మేస్త్రి భార్య తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది. డ్రైవరు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇప్పుడెందుకప్పా చెప్తాండావు?" అన్నాడు. ఇందులో నాకేం లాభమో అతని కళ్లు వెతుకుతున్నాయి. అతను పిడికిట్లో మట్టి అలాగే పట్టుకొని వరుసలోంచి తప్పుకున్నాడు. గుంట చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోయి, నాకు దూరంగా నిలబడి, అక్కడినుంచి మట్టి వేశాడు.