మూడు గంటల దూరం

దుబాయి ఎంత దూరమని అడిగితే మా పెద్దపల్లి వైపు ఎవరూ మైళ్ళలో చెప్పరు. బొంబాయిలో విమానం ఎక్కితే మూడు గంటలంటారు. ఆ మాట మొదట పుట్టించినవాడి నోట్లో మన్నుపొయ్య! మా పక్కింటి బుచ్చిరాములు కూడా అదే చెప్పి పోయాడు. బీడీలు చుట్టుకుంటూ ఏడుస్తున్న పెళ్ళాన్ని చూసి నవ్వాడు.

"ఏందే నర్మదా, ఆదిలాబాద్‌ల మా చెల్లె ఇంటికి బస్సుల పోతే పొద్దుగూకుతది. గిదైతే మూడు గంటలే. జర కబురు పెట్టు, ఉరికొస్త."

రెండేళ్ళు రాలేదు. ఎనభై తొమ్మిది ఎండాకాలంలో కిరాణా దుకాణం ఫోన్‌కు కబురొచ్చింది, కడుతున్న భవనం మీదినుంచి పడి చనిపోయాడని.

మూడు గంటలే కదా, రేపటికల్లా శవం వస్తుందనుకున్నాం. మాకేం తెలుసు! కట్టెలు కొట్టించారు, డప్పులవాళ్ళకు చెప్పారు, చెన్నూరు చుట్టాలు బస్సు దిగి నేరుగా వాకిట్లో కూర్చుని ఏడ్చారు. రేపు పోయింది, ఎల్లుండి పోయింది. అక్కడ ఏవో కాగితాలు కావాలట, సంతకాలు కావాలట. చచ్చినవాణ్ణి పంపడానికి బతికినవాళ్ళకు తీరిక లేదట. చుట్టాలు వారం చూసి ఒక్కొక్కరే జారుకున్నారు. కట్టెలు మాత్రం వాకిట్లోనే ఎండాయి.

మాలో శవం ఇల్లు చేరి దహనం కానిదే దినాలు లెక్కపెట్టరు, ఆడదాని గాజులు తీయరు. అందుకని అత్త కనకవ్వ రోజూ పొద్దున్నే నర్మదకు తన చేత్తో బొట్టు పెట్టేది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని పెట్టించుకునేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు కనకవ్వా, గా పిల్లను గట్ల సతాయిస్తవ్?"

"నా కొడుకు సచ్చిండని నువ్వు చూసినవా లింగవ్వా? ఫోన్ల ఎవడో కూసిండు. నేను నమ్మ."

నెల దాటాక బొంబాయి నుంచి వ్యాన్‌లో పెట్టె వచ్చింది. పెద్దమనుషులు తెరవొద్దన్నారు. నర్మద పెట్టె మీద పడి, ముఖం చూడందే కదలనివ్వనంది. మూత తీశారు. దేవుడా, పగవాడికి కూడా వద్దు ఆ గతి! నల్లబడి, ఉబ్బిపోయి ఉంది ముఖం. కనకవ్వ వంగి చూసి గట్టిగా అరిచింది.

"వీడు నా కొడుకు గాదు. తీస్కపోర్రి!"

చిన్నప్పుడు కాగిన నూనె పడి బుచ్చిరాములుకు చెవి కింద మచ్చ ఉండేది. తల్లికి తెలియదా? తెలుసు. నర్మద కూడా కాదంటే చాలు, ఆమె గాజులు ఆమె చేతికుండేవి, ముసలిదానికి ఆశ ఉండేది. అందరం ఆ పిల్ల నోటి వైపే చూశాం.

నర్మద మచ్చ మీద వేలు పెట్టింది. "గీయనే అత్తా. నీ కొడుకే" అంది. ఎవరూ చెప్పకముందే తన గాజులు తనే రాతికేసి కొట్టుకుంది.

ఆనాటి నుంచి కనకవ్వ కోడలితో మాట్లాడలేదు. "నా కొడుకును నోటితోని సంపింది" అని వీధిలో పోయేవాళ్ళకు చెప్పుకునేది. కోడలు వండిన ముద్ద ముట్టేది కాదు. నర్మద వండి, గిన్నె నా చేతికిచ్చి గోడ చాటున నిలబడేది. మా ఇంట్లో వండానని చెప్పి నేను తినిపించేదాన్ని.

"నీ చేతివంట మంచిగుంటది లింగవ్వా. గా పాపిదానికి నేర్పకు" అనేది ముసలిది, నర్మద వింటుండగానే.